జొన్న ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది?

ప్రశ్న: మాకు ఆరెకరాల వర్షాధార భూమి ఉంది. నాన్నకు అరవై దాటాయి, మోకాళ్ల నొప్పులు. రెండేళ్లుగా సేద్యం నేనే చూసుకుంటున్నాను. గడిచిన నాలుగేళ్లలో మూడుసార్లు మొక్కజొన్న బెట్టకు పోయింది. ఈసారి జొన్న వేద్దామంటే నాన్న ఒప్పుకోవడం లేదు, దిగుబడి మొక్కజొన్నకే ఎక్కువ అంటాడు. మా చిన్నాన్నేమో జొన్నకు వానే అక్కర్లేదు, రెండు చినుకులు పడితే చాలు అంటాడు. పక్క పొలం వాళ్లు కిందటేడు జొన్న వేస్తే మొక్క నిలువెత్తు పెరిగింది కానీ కంకిలో గింజ పట్టలేదు. దానికి తోడు, వాడిన జొన్న మేస్తే పశువులు చస్తాయని, పిట్టలు ఒక్క గింజ కూడా మిగల్చవని అందరూ భయపెడుతున్నారు. మాకు రెండు ఆవులు, ఒక దూడ ఉన్నాయి. పొలం పైభాగం గులకరాళ్ల నేల, కింది భాగం లోతైన నల్ల నేల. విత్తనం కొనాలంటే టెన్షన్‌గా ఉంది. ఎవరి మాట నమ్మాలి?

సమాధానం: మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదువుకున్న వాక్యం పక్క పొలం గురించి రాసింది. మొక్క నిలువెత్తు పెరిగింది, గింజ పట్టలేదు. జొన్న బలమూ బలహీనతా రెండూ అందులోనే ఉన్నాయి. దాని దగ్గరికి వస్తాను. ముందు నా సలహా చెప్పేస్తాను: కింది నల్ల నేలలో జొన్న ధైర్యంగా వేయండి. పైన గులకరాళ్ల నేలలో తక్కువ రోజుల్లో కోతకొచ్చే రకం దొరికితేనే వేయండి, దొరక్కపోతే అక్కడ సజ్జ మేలు. మీ చిన్నాన్న చెప్పిన రెండు చినుకుల లెక్క మాత్రం పట్టించుకోకండి. జొన్న నీళ్లు లేకుండా పండదు. నీళ్ల కోసం ఎదురుచూడగలదు, అంతే. ఆ ఎదురుచూపుకు ఒక గడువు ఉంది. పక్క పొలం వాళ్ల పంట ఆ గడువు దాటాక బెట్టకు దొరికి ఉంటుందని నా అనుమానం.

జొన్న పుట్టిందే ఎండ నేలల్లో. ఈశాన్య ఆఫ్రికాలో, ఇప్పటి తూర్పు సూడాన్ ప్రాంతంలో 5,000 ఏళ్లకు ముందే దాన్ని సాగులోకి తెచ్చారు. ఈజిప్టు దక్షిణాన నబ్తా ప్లాయా అనే చోట సుమారు 8,000 ఏళ్ల కిందటి అడవి జొన్న గింజలు దొరికాయి. అంటే విత్తడం నేర్చుకోకముందే మనుషులు దాన్ని ఏరుకుని తిన్నారు. వాన ఎప్పుడు పడుతుందో, ఎప్పుడు ఆగుతుందో తెలియని చోట వేల ఏళ్లు బతికిన మొక్క కాబట్టి, నీళ్ల విషయంలో దాని నడత మొక్కజొన్నకు వేరుగా ఉంటుంది.

వచ్చే ఏడాది మీ పొలంలో ఒక జొన్న మొక్క కాండాన్ని, ఆకు తొడుగును బొటనవేలితో రుద్ది చూడండి. తెల్లటి పొడి అంటుకుంటుంది. అది మైనం. ఆకుల మీదా ఆ పూత ఉంటుంది, నీరు ఆవిరై పోకుండా అడ్డుకుంటుంది. మిట్టమధ్యాహ్నం ఆకులు గొట్టంలా చుట్టుకుంటాయి, ఎండకు ఎదురయ్యే భాగం తగ్గుతుంది. వేర్లు లోతైన నేలలో మీటరున్నర, రెండు మీటర్ల దాకా దిగుతాయి. మొక్కజొన్నతో పోలిస్తే సన్నటి పక్క వేర్లు ఎక్కువ, ఆకుల విస్తీర్ణం తక్కువ. తోడుకునే నోళ్లు ఎక్కువ, ఖర్చు పెట్టే చేతులు తక్కువ అన్నమాట. నేల బాగా ఆరిపోయినప్పుడు కణాల్లో చక్కెరలు, లవణాలు కూడబెట్టుకుని ఉన్న నీటిని గట్టిగా పట్టుకుంటుంది. వీటన్నిటికన్నా గొప్ప సంగతి, ఎదుగుదలను ఆపేసి ఊరుకోగలగడం. మొక్క చిన్నగా ఉన్నప్పుడు రెండు, మూడు వారాలు వాన లేకపోతే కదలకుండా నిలబడిపోతుంది. చూసేవాళ్లకు పని అయిపోయిందనిపిస్తుంది. వాన పడ్డ నాలుగు రోజులకు మళ్లీ మొవ్వు లేస్తుంది. ఇలా అయిపోయిందనుకుని గుంటక తోలడానికి ఎడ్లు కట్టిన పొలం, ఆ రాత్రి వానతో తేరుకోవడం నేను కళ్లారా చూశాను.

మొక్కజొన్న మీకు మూడుసార్లు ఎందుకు చేతికి రాలేదో కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే నాన్నగారితో మాట్లాడేటప్పుడు ఇది పనికొస్తుంది. మొక్కజొన్నలో పుప్పొడి జల్లు తల మీద ఉంటుంది, పీచు నడుము దగ్గర పొత్తులో ఉంటుంది. బెట్ట తగిలితే జల్లు సమయానికే వస్తుంది కానీ పీచు బయటికి రావడం ఆలస్యమవుతుంది. పీచు వచ్చేసరికి పుప్పొడి అయిపోతుంది. ఆ వారం రోజుల్లో వాన లేకపోతే తర్వాత ఎంత కురిసినా పొత్తులో గింజ ఉండదు. జొన్నలో ఆడ, మగ భాగాలు ఒకే పువ్వులో ఉంటాయి. కంకి పైనుంచి కిందికి వారం రోజుల పాటు కొద్దికొద్దిగా పూస్తూ వస్తుంది. అసలు కంకి దెబ్బతింటే, తర్వాత వాన పడితే, పిలకలు కంకులు వేసి కొంతైనా ఇస్తాయి. ఒక్క వారం మీద పంటంతా ఆధారపడకపోవడమే దాని పెద్ద బలం.

నీళ్ల లెక్క కూడా చూద్దాం. 1910ల్లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో అక్రాన్ అనే చోట, కుండీల్లో మొక్కలు పెంచి ఒక్కో పంట ఎంత నీరు తాగుతుందో తూకం వేసి కొలిచారు. ఒక కిలో ఎండు పదార్థం తయారు కావడానికి జొన్నకు 320 కిలోల చిల్లర నీరు పట్టింది, మొక్కజొన్నకు 370కి దగ్గరగా, గోధుమకు 500 పైన. తేడా ఉంది, కానీ జొన్న సున్నా కాదు. విత్తింది మొదలు కోత దాకా మంచి పంటకు 450 నుంచి 650 మిల్లీమీటర్ల నీరు కావాలి. ఇందులో వాన, నేలలో నిల్వ ఉన్న తేమ రెండూ కలిసి ఉంటాయి. అంతకన్నా తక్కువలోనూ పండుతుంది, దిగుబడి ఆ మేరకు తగ్గుతుంది.

ఇప్పుడు గడువు సంగతి. మొలిచిన 30 నుంచి 40 రోజుల మధ్య, మొక్క ఇంకా మోకాలెత్తు కూడా లేనప్పుడే, మొవ్వు లోపల కంకి పురుడు పోసుకుంటుంది. బయటికి ఏమీ కనిపించదు. అక్కడి నుంచి పూత దాకా ఉన్న నెల రోజుల్లోనే కంకికి ఎన్ని గింజలో నిర్ణయమైపోతుంది. 100, 105 రోజుల రకమైతే 65, 70 రోజులకు పూత వస్తుంది. ఆ ముందు, కంకి ఇంకా ఆకు తొడుగులోనే ఉన్న పొట్ట దశలో బెట్ట తగిలితే కంకి పొట్టలోంచి పూర్తిగా బయటికి రాదు. పూతలో తగిలితే, ముఖ్యంగా వేడి 38 డిగ్రీలకు చేరితే, పుప్పొడి చచ్చి గింజ పట్టదు. గింజ పాలు పోసుకునేటప్పుడు తగిలితే గింజ నొక్కుకుపోతుంది, కాండంలోని సత్తువను గింజ లాగేసుకోవడంతో మొక్క మొదట్లో విరిగి పడిపోతుంది. పడిపోయిన కాండాన్ని చీల్చి చూస్తే లోపల మసి పూసినట్టు నల్లగా ఉంటుంది. మసికుళ్లు తెగులు అది, బెట్టలో చిక్కిన పంటకే వస్తుంది.

అందుకే 35 రోజుల లోపు బెట్టకు జొన్న చలించదు, పొట్టకొచ్చాక తట్టుకోలేదు. పక్క పొలం వాళ్లు ఎక్కువ రోజుల రకాన్ని ఆలస్యంగా విత్తి ఉంటే సరిగ్గా మీరు రాసినట్టే జరుగుతుంది. మొదటి వానలకు మొక్క ఏపుగా పెరుగుతుంది, ఆ పెరుగుదలకే నేలలోని నీరంతా ఖర్చవుతుంది, పూతకొచ్చేసరికి నేల ఖాళీ. అయితే గింజ పట్టకపోవడానికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు. మిడ్జ్ అనే చిన్న ఈగ పూతలో గుడ్లు పెడుతుంది, దాని పిల్లపురుగు గింజను పుట్టకముందే తినేస్తుంది. ఇలాంటి కంకి మళ్లీ కనిపిస్తే తాలు పువ్వులను వేళ్ల మధ్య నలిపి చూడండి. ఎర్రటి రసం అంటితే అది మిడ్జ్ పని, అంటకపోతే నీటి కరువో వేడో. చుట్టుపక్కల అందరూ కొద్ది రోజుల తేడాలో విత్తుకుంటే మిడ్జ్ నష్టం బాగా తగ్గుతుంది. ఆలస్యంగా పూసిన పొలమే దానికి విందు.

మీరు చేయాల్సిన మొదటి పని విత్తనం కొనడం కాదు. ఒక ఇనుప కడ్డీ సంపాదించండి, మీటరు పైన పొడవున్నది, చిటికెనవేలంత మందం. మంచి వాన పడి రెండు రోజులయ్యాక పొలంలో పదిచోట్ల దాన్ని చేతులతో నొక్కి దింపండి. తడి ఉన్నంత మేరా సులువుగా దిగుతుంది, పొడి మన్నుకో రాయికో తగిలిన చోట ఆగిపోతుంది. ఆ లోతును రాసుకోండి. మీ పొలానికున్న నీళ్ల తొట్టి అంత లోతు.

ఆ కొలతతో ఇలా లెక్క వేసుకోవచ్చు. ఇసుక పాలు ఎక్కువున్న నేల మీటరు లోతుకు సుమారు 100 మిల్లీమీటర్ల నీటిని పంటకు అందేలా పట్టి ఉంచుతుంది. బంక పాలు ఎక్కువున్న నల్ల నేల 180 దాకా పట్టుకుంటుంది. మీ పైభాగంలో కడ్డీ 40 సెంటీమీటర్లే దిగిందనుకుందాం. అక్కడి నిల్వ 40 మిల్లీమీటర్లు, రాళ్లను తీసేస్తే ఇంకా తక్కువ. పూత సమయంలో జొన్న రోజుకు 6 మిల్లీమీటర్ల దాకా తాగుతుంది. నిల్వలో సగానికి కాస్త పైగా తోడేయగానే మొక్కకు కష్టం మొదలవుతుంది. అంటే వాన ఆగిన నాలుగో రోజుకే ఇబ్బంది. కింది నల్ల నేలలో మీటరు దిగితే అదే లెక్క పదిహేను, పదహారు రోజులవుతుంది, లోతు ఇంకా ఉంటే ఇంకా ఎక్కువ. ఒకే పొలం, ఒకే విత్తనం, ఒకే వాన, అయినా రెండు వేర్వేరు పంటలు. పై నేలకు సజ్జ అని అన్నది ఇందుకే. సజ్జ జొన్నకన్నా త్వరగా పూస్తుంది, వరసగా పిలకలు వేసి కంకులు తీస్తూ ఉంటుంది, పల్చటి నేలల్లో, ఇంకా తక్కువ వానలో గట్టెక్కుతుంది.

రెండో పని వాన రికార్డు తీయడం. మీకు దగ్గర్లోని వర్షపాతం కొలిచే చోటు నుంచి పదేళ్ల లెక్కలు అడగండి. మొత్తం ఎంత కురిసిందన్నది పెద్దగా పనికిరాదు. చివరి గట్టి వాన ఏ తేదీకి పడింది అన్నది ఒక్కో ఏటికి రాసుకోండి. పదిలో ఏడెనిమిదేళ్లు ఏ తేదీ దాకా వాన నమ్మొచ్చో తెలుస్తుంది. మీ పూత ఆ తేదీ చుట్టుపక్కల ఉండాలి. నల్ల నేలలోనైతే వారం అటైనా ఫర్వాలేదు, పై నేలలో ముందే అయిపోవాలి. ఆ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టండి. మీరు విత్తగలిగే రోజుకూ ఆ తేదీకీ మధ్య 70 రోజులుంటే 105 రోజుల రకం సరిపోతుంది, 55 రోజులే ఉంటే 90 రోజుల లోపు రకం చూసుకోవాలి. విత్తన సంచి మీద కోత రోజులు రాసి ఉంటాయి కానీ మీరు అడగాల్సింది పూత ఎన్ని రోజులకు వస్తుందని.

అలాగని పూతను మరీ ముందుకు జరపకూడదు. గింజ గట్టిపడే సమయంలో ముసురు పడితే కంకికి బూజు పడుతుంది, గింజ నల్లబడి రంగు, రుచి రెండూ పోతాయి. వాన ముగింపుకు మరీ ముందూ పూయకూడదు, మరీ తర్వాతా పూయకూడదు. పశ్చిమ ఆఫ్రికాలో మాలి, బుర్కినా ఫాసో రైతుల పాత రకాలు ఈ చిక్కును వాటంతటవే తీర్చుకుంటాయి. అవి పగటి పొడవును గుర్తుపట్టి, పగలు కురచబడుతుండగా పూస్తాయి. ముందు విత్తినా ఆలస్యంగా విత్తినా దాదాపు ఒకే వారంలో, వానలు తగ్గే సమయానికి కంకి వేస్తాయి. విత్తే రోజు వాన చేతిలో ఉన్న రైతుకు అంతకన్నా మేలైన గుణం ఇంకేం కావాలి? మీ ప్రాంతపు పాత విత్తనం ఎవరి దగ్గరైనా మిగిలి ఉంటే, దిగుబడి తక్కువని తీసిపారేయకుండా ఒక మూల వేసి ఎప్పుడు పూస్తుందో గమనించండి.

బెట్టలోనూ ఆకులు పచ్చగా నిలుపుకునే రకాలు కూడా ఉన్నాయి. ఇథియోపియా జొన్నల నుంచి వచ్చిన గుణం ఇది, చాలా దేశాల్లో కొత్త రకాల్లోకి ఎక్కించారు. గింజ నిండే సమయంలో పచ్చదనం నిలిస్తే మొక్క పడిపోదు, చొప్ప కూడా మేలుగా ఉంటుంది. రెండు ఆవులున్న మీకు ఇది చిన్న విషయం కాదు.

విత్తడంలో ఒక్క తప్పు చేయకండి, ఆలస్యం. మొలిచిన వారం నుంచి నాలుగో వారం దాకా మొవ్వు ఈగ జొన్నకు పెద్ద శత్రువు. ఆకు అడుగున తెల్లటి గుడ్డు ఒక్కటి పెడుతుంది, పురుగు లోపలికి పోయి మొవ్వును కొరికేస్తుంది. నడిమి ఆకు ఎండి, పట్టి లాగితే ఊడొస్తుంది. తొలి వానలకే విత్తిన పొలాల్లో దీని దెబ్బ తక్కువ, ఆ పొలాల మీద పెరిగిన ఈగలన్నీ తర్వాత విత్తిన వాళ్ల మీద పడతాయి. ఒక ఏడాది నేను మూడు వారాలు వెనకబడి విత్తాను, సగం మొక్కలకు మొవ్వులు పోయాయి. పిలకలు వచ్చాయి కానీ ఒక్కోటి ఒక్కో రోజు పూసింది, కోత ఎప్పుడు పెట్టాలో తెలియలేదు. ఆలస్యం తప్పకపోతే విత్తనం కాస్త ఎక్కువ వేసి, నాలుగు వారాలయ్యాక దెబ్బతిన్న మొక్కలు పీకి పలచన చేసుకోండి.

నేల జానెడు లోతు తడిసేదాకా ఆగి, 3 నుంచి 5 సెంటీమీటర్ల లోతులో విత్తండి. విత్తనాన్ని రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున నీడలో పైతడి ఆరబెట్టి విత్తితే ఒకటి, రెండు రోజులు ముందే మొలుస్తుంది. ఆరిపోతున్న పైమట్టిలో ఆ ఒక్క రోజే తేడా తెస్తుంది. మొక్కలు ఒత్తుగా ఉంచకండి. ఆస్ట్రేలియాలో వాన తక్కువున్న చోట్ల కొందరు రైతులు రెండు సాళ్లు వేసి ఒక సాలు, ఒక్కోసారి రెండు సాళ్లు ఖాళీగా వదులుతారు. ఆ ఖాళీ నేలలోని నీరు గింజ నిండే సమయానికి వేర్లకు అందుతుంది. మంచి వానల ఏడు ఇలా చేస్తే కొంత నష్టం, కరువు ఏడు పంట నిలుస్తుంది. మొదటి ఐదు వారాలు కలుపు లేకుండా చూడండి, మీ తొట్టిలోని నీరు కలుపుకు పోకూడదు. ఆ తర్వాత జొన్న తనను తాను చూసుకుంటుంది. దాని వేర్లు నూనెలాంటి ఒక పదార్థాన్ని చెమర్చి చుట్టూ కలుపు విత్తనాలను అణచేస్తాయి.

పై నేలను బాగు చేసే దారి గురించి ఒక మనిషి కథ చెప్పాలి. బుర్కినా ఫాసోలో యాకూబా సవడొగో అనే రైతు, 1980ల కరువులో అందరూ ఊళ్లు వదిలిపోతుంటే, గట్టిపడి బండబారిన నేలలో ఎండాకాలమే గుంటలు తవ్వుకుంటూ పోయాడు. జై గుంటలంటారు వాటిని. జానెడు పైన వెడల్పు, జానెడు లోపు లోతు, అడుగున గుప్పెడు ఎరువు. పాత పద్ధతే, ఆయన గుంటలను పెద్దవి చేసి ఎరువు జోడించాడు. వాన పడితే పారిపోయే నీరు గుంటల్లో ఆగింది, ఎరువుకు వచ్చిన చెదలు నేలను గుల్ల చేశాయి, జొన్న, సజ్జ పండాయి. ఎరువులోని గింజల నుంచి చెట్లు కూడా లేచి అడవే తయారైంది. 2018లో ఆయనకు రైట్ లైవ్లీహుడ్ పురస్కారం వచ్చింది. 2023లో కన్నుమూశాడు. ఇది విపరీతమైన కాయకష్టం, రెండెకరాల్లో ఒకేసారి చేయమని చెప్పను. ఈ ఎండాకాలం పాతిక సెంట్లలో చేసి చూడండి. మిగతా చోట వాలుకు అడ్డంగా బోదెలు తోలి, పది, పదిహేను అడుగులకు ఒకచోట బోదెల మధ్య మట్టి అడ్డుకట్ట వేస్తే వాన నీరు అక్కడికక్కడే ఇంకుతుంది. ఎరువు చల్లడం మానేసి మొక్క మొదట్లో చిటికెడు చొప్పున పెట్టండి. సాహెల్ ప్రాంతంలో నైజర్, మాలి రైతులు సీసా మూతతో కొలిచి ఒక్కో గుంటకు వేసే పద్ధతి ఇది. తక్కువ ఎరువుతో వేరు త్వరగా లోతుకు పోతుంది.

పశువుల భయం నిజం. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. జొన్న లేత ఆకుల్లో డ్యూరిన్ అనే పదార్థం ఉంటుంది. దాన్ని విడగొట్టే ఎంజైమ్ వేరే కణాల్లో ఉంటుంది. ఆకు మామూలుగా ఉన్నంతసేపు రెండూ కలవవు. పశువు నమిలినప్పుడు కలిసి సైనైడ్ విషం పుడుతుంది. లేత మొక్కల్లో, బెట్టకు గిడసబారిన మొక్కల్లో, బెట్ట తర్వాత వానకు కొత్తగా లేచిన చిగుళ్లలో, కోసిన మోడు నుంచి వచ్చే పిలకల్లో ఇది ఎక్కువ. నత్రజని ఎరువు ఎక్కువ వేసినా పెరుగుతుంది. కొన్నిచోట్ల దీన్ని నాము అంటారు. మేసిన కొన్ని నిమిషాల్లోనే పశువు ఎగరొప్పుతుంది, నోట చొంగ కారుతుంది, తూలి పడిపోతుంది, కొట్టుకుంటుంది. పశువైద్యుడు సమయానికి వచ్చి రక్తనాళంలోకి విరుగుడు ఇంజెక్షన్ ఇస్తే బతుకుతుంది. నాటు వైద్యాలతో గడిపే సమయం అక్కడ ఉండదు, వెంటనే ఫోన్ చేయండి. మా ఇంట్లో ఒక దూడ ఇలాగే పోయింది. కోత అయిన పొలంలోకి తాడు తెంపుకుని వెళ్లి పిలకలు మేసింది. ఆ పచ్చదనం చూసి మేమూ మంచి మేతే అనుకున్నాం.

కాబట్టి పూత రాని జొన్నను పచ్చిగా మేపొద్దు. బెట్ట మీద ఉన్న పొలం గట్టున పశువులను కట్టొద్దు. కోత అయిన పొలంలోకి దూడను అసలు వదలొద్దు. గింజ కోశాక బాగా ఎండిన చొప్పలో సైనైడ్ చాలావరకు పోతుంది, అది నిశ్చింతగా వేయొచ్చు. గింజలో ఈ విషం భయం లేదు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. బెట్ట వల్ల గింజ పట్టకుండా నిలిచిపోయిన మొక్కల కాండం మొదట్లో పశువులకు చేటు చేసే నైట్రేట్ పేరుకుంటుంది, ఎండబెట్టినా అది పోదు. అలాంటి పంటను మేతకు కోస్తే మొదలు జానెడు పైన వదిలి కోయండి, వేరే మేతతో కలిపి కొద్దికొద్దిగా అలవాటు చేయండి.

పిట్టల సంగతి మీ చుట్టుపక్కల వాళ్లు కొంత పెంచి చెప్పారు, కొంత నిజం. ఊరంతటిలో ఒక్కరే జొన్న వేస్తే పిట్టలన్నీ అక్కడికే వస్తాయి. పదిమంది వేస్తే నష్టం పంచుకున్నట్టవుతుంది. గింజ పాలు పోసుకున్న రోజు నుంచి గట్టిపడే దాకా రెండు, మూడు వారాలు పొద్దున్నే, సాయంత్రం కాపలా తప్పదు. టానిన్ ఎక్కువున్న ముదురు గోధుమరంగు గింజల రకాలను పిట్టలు ఇష్టపడవు, ఒగరుగా ఉంటాయి. కానీ ఆ టానిన్ వల్లే మనుషులకూ కోళ్లకూ అందులోని ప్రొటీన్ సరిగ్గా అరగదు. తినడానికి, అమ్మడానికి పండించేటప్పుడు ఆ రకాలు నేను చెప్పను. చెట్లకు, గుబురు పొదలకు దూరంగా ఉన్న చెక్కను జొన్నకు ఎంచుకోండి.

పొలంలో ఊదా, తెలుపు రంగు పూలతో జొన్న మొదట్లో చిన్న మొక్కలు కనిపిస్తే అది స్ట్రైగా కావచ్చు. వేరును పట్టుకుని సత్తువ పీల్చే కలుపు. విత్తు రాలకముందే పీకేయాలి, ఒక్క మొక్క వేల విత్తనాలు వదులుతుంది. ఇథియోపియాలో పుట్టిన శాస్త్రవేత్త గెబిసా ఎజెటా బెట్టను, స్ట్రైగాను తట్టుకునే జొన్నలు తయారుచేసినందుకే 2009లో ప్రపంచ ఆహార బహుమతి అందుకున్నారు. మీ దగ్గర ఇది కనిపించకపోతే ఆలోచించనక్కర్లేదు.

జొన్నను ఒంటరిగా వేయకండి. కింది నేలలో కంది కలపండి, రెండు సాళ్ల జొన్నకు ఒక సాలు కంది. కంది మొదట నెమ్మదిగా పెరుగుతుంది, జొన్న కోశాక ఖాళీ అయిన వెలుగులో, లోతు తేమతో తన పంట తీసుకుంటుంది. వెంటనే మరుసటి పంటగా మళ్లీ ధాన్యం వేయొద్దు. జొన్న మోళ్లు కుళ్లేటప్పుడు నేలలోని నత్రజనిని తాత్కాలికంగా పట్టేసుకుంటాయి, తర్వాతి పంట పసుపుబారుతుంది. పప్పు జాతి పంట అయితే ఆ ఇబ్బంది తక్కువ. కోత సమయం తెలుసుకోవాలంటే కంకి అడుగు భాగం నుంచి గింజ తీసి చూడండి, కంకిని అంటుకుని ఉన్న కొసన నల్లటి చుక్క కనిపిస్తే గింజ నిండడం పూర్తయినట్టే. ఆ తర్వాత పొలంలో ఉంచితే పిట్టలకు, బూజుకు తప్ప లాభం లేదు. 12 శాతం తేమకు ఎండాక నిల్వ చేయండి.

నాన్నగారి మాట మిగిలింది. ఆయన అన్నదాంట్లో నిజం ఉంది. వానలు బాగా కుదిరిన ఏడాది మొక్కజొన్న జొన్నకన్నా ఎక్కువ దిగుబడి ఇస్తుంది. నాలుగేళ్లలో పండిన ఆ ఒక్క ఏడాది ఆయనకు గుర్తుంది, పోయిన మూడు మీకు గుర్తున్నాయి. మీరు పోటీ పెట్టుకోవద్దు. కింది భాగంలో నీరు చివరగా ఆరే చెక్క ఎక్కడుందో ఆయనకే బాగా తెలుసు. ఆ ఒక్క ఎకరం ఆయన మొక్కజొన్నకు వదలండి. మిగతా నల్ల నేలలో జొన్న, కంది వేయండి. పైన సజ్జ. మూడూ ఒకే ఏడాది పోవడం అరుదు.

కడ్డీ దింపే రోజు ఆయన్ని పొలానికి తీసుకెళ్లండి. మోకాళ్లు సహకరించకపోతే గట్టు మీద కూర్చోబెట్టి, మీరు దింపుతూ లోతులు చెప్పండి, కాగితం మీద ఆయన చేత రాయించండి. పైన ఎంత, కింద ఎంత అన్నది ఆయన చేతిరాతలోనే ఉంటుంది. విత్తనం సంగతి ఆ సాయంత్రం మాట్లాడుకోండి.